చేపకున్న సెలవు మనిషికి లేదు

"రోజూ అరగంట నడవండి, ఆస్పత్రి ఖర్చు తప్పించుకోండి, లక్షలు మిగుల్చుకోండి." మన ఆఫీసుల్లో తిరిగే ఆరోగ్య సూక్తులన్నిటి సారాంశం ఇదే. దాని వెనకాలే ఇంకో ముక్క కూడా వస్తుంది: "మన పల్లెల్లో చూడండి, ఒళ్ళు వంచి పనిచేస్తారు, ఏ రోగాలూ రావు!"

మొదటి మాటతో నాకు పేచీ లేదు. రెండోది మాత్రం పచ్చి అబద్ధం. అదీ మన మనస్సాక్షిని జోకొట్టి పడుకోబెట్టే అబద్ధం.

నడక మనకి అవసరమే. హైదరాబాదులో 345 మంది ఐటీ ఉద్యోగుల్ని పరీక్షించి 2025లో ప్రచురించిన అధ్యయనంలో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు పేరుకుందని తేలింది. లండన్ డబుల్ డెక్కర్ బస్సుల్లో రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లకి, కూర్చుని నడిపే డ్రైవర్లకన్నా గుండెజబ్బు తక్కువని జెర్రీ మోరిస్ బృందం 1953లోనే చెప్పింది. కాబట్టి నడవండి బాబూ, శుభ్రంగా నడవండి.

కానీ ఇదే సూత్రాన్ని తీసుకెళ్ళి మా నెల్లూరు తీరానికి అతికిస్తేనే వస్తుంది తంటా. మైపాడు దగ్గర వల లాగే మనిషికి, ఇస్కపల్లిలో ఎండలో ఉప్పు తీసే ఆడమనిషికి, రొయ్యల గుంటల్లో నడుంలోతు నీళ్ళల్లో దిగే కూలీకి వ్యాయామం ఎక్కడ తక్కువైంది? ఒళ్ళు వంచితే సంపద వచ్చేటట్టయితే, ఈపాటికి కోటీశ్వరులంతా పట్టపుపాలేల్లోనే ఉండాలి కదా!

వ్యాయామం వేరు, చాకిరీ వేరు. జిమ్ములో అలిసిపోతే ఆపేస్తాం, నీళ్ళు తాగుతాం, ఇంటికెళ్ళి పడుకుంటాం. నడిసముద్రంలో వల సగంలో ఉండగా "ఇవాళ్టికి చాలు" అనడం కుదరదు. డెన్మార్కులో లక్షమందికి పైగా జనాన్ని ఏళ్ళ తరబడి గమనించి 2021లో ప్రచురించిన పరిశోధనలో, తీరిక వేళల్లో కదిలేవాళ్ళకి గుండె ముప్పు తక్కువగా, పనిలో ఒళ్ళు హూనం చేసుకునేవాళ్ళకి ఎక్కువగా కనబడింది. చేసేది కదలికే, కానీ ఫలితం తిరగబడింది. ఒళ్ళు తేరుకునే టైము లేకపోవడమే దీనికి కారణం కావచ్చని ఆ పరిశోధకుల అనుమానం.

ఇక డబ్బు సంగతి. మనకి జ్వరమొస్తే సిక్ లీవు పెడతాం, ఒకటో తారీకున జీతం మామూలుగానే పడుతుంది. పడవ మీద పనిచేసే మనిషికి జీతం ఉండదు. డీజిలు ఖర్చులు పోను మిగిలినదాంట్లో పాలు వస్తుంది. పడవెక్కని రోజు పాలు లేదు. మోకాలు పట్టేసి పది రోజులు ఇంట్లో ఉంటే పది రోజుల రాబడి గుండుసున్నా. అప్పు చేస్తాడు. ఆ అప్పు తీర్చడానికి నొప్పి తగ్గకుండానే మళ్ళీ పడవెక్కుతాడు. నొప్పి ముదురుతుంది, దాంతోపాటు అప్పూ ముదురుతుంది. "ఆరోగ్యమే మహాభాగ్యం" అంటారు గానీ, ఇక్కడ భాగ్యం లేనివాడికి ఆరోగ్యం నిలవదు.

"ఆరోగ్యశ్రీ ఉందిగా?" అంటారు. 2007లో మొదలైన ఆ పథకం ఆస్పత్రి బిల్లు కట్టింది, మంచిదే. మరి ఆపరేషన్ తర్వాత మంచంలో ఉన్న రోజుల సంగతి? 2019లో "ఆరోగ్య ఆసరా" అని ఒకటి తెచ్చి, డాక్టరు విశ్రాంతి తీసుకోమన్న రోజులకి రోజుకి 225 రూపాయలు, నెలకి 5,000 దాకా ఇచ్చారు. పోయిన కూలీ కూడా జబ్బు ఖర్చేనని ప్రభుత్వం ఒప్పుకున్న సందర్భం అది. కానీ అది ఆపరేషన్ అయినవాళ్ళకే. ఆపరేషన్ దాకా పోకుండా రెండు వారాలు విశ్రాంతి తీసుకోవాల్సినవాడి మాటేంటి?

ఇప్పుడు అసలు విడ్డూరం చూడండి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టుకోవాలని! ఆ రోజులకి మత్స్యకార కుటుంబానికి 2019లో 10,000, 2025లో 20,000 రూపాయలు ఇచ్చారు. చాలా సబబైన పని. చేప తేరుకోవాలంటే సమయం కావాలి, ఆ సమయానికి డబ్బు ఖర్చవుతుంది అని ప్రభుత్వానికి బాగా అర్థమైంది. ఆ చేపని పట్టేవాడి నడుం తేరుకోవాలన్నా అంతే కదా? దానికి మాత్రం బడ్జెట్ ఉండదు!

మా జిల్లాలోనే, తీరానికి దూరంగా మెట్ట ప్రాంతంలో దూబగుంట ఉంది. 1992లో సారాకి ఎదురుతిరిగిన అక్కడి ఆడవాళ్ళు మొగుళ్ళకి ఆరోగ్య సూక్తులు చెప్పి ఊరుకోలేదు. ఒళ్ళూ పోతోంది, కూలీ పోతోంది, రెండూ పోయేది ఆ సారా కొట్లోనే అని లెక్క తేల్చి కొట్టు మూయించారు. ఆ ఉద్యమం 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం దాకా వెళ్ళింది. చుట్టూ ఉన్న పరిస్థితి మార్చకుండా మనిషికి నీతులు చెప్పి లాభం లేదని వాళ్ళకి ఏ వెల్‌నెస్ కోచ్ చెప్పలేదు.

కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. జబ్బుపడితే జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా ఇచ్చే పద్ధతి ఈఎస్‌ఐలో ఉండనే ఉంది. పాలు మీద బతికేవాళ్ళకి, ఉప్పు మళ్ళల్లో, రొయ్యల గుంటల్లో పనిచేసేవాళ్ళకి అలాంటిదొకటి కావాలి. "డబ్బెక్కడిది?" అని అడిగేవాళ్ళు తమ సిక్ లీవులు వదులుకుని అడిగితే బావుంటుంది :)

అప్పటిదాకా మీరు నడవండి, నేనూ నడుస్తాను. కానీ వల లాగేవాడిని చూపించి "చూడు, ఎంత ఆరోగ్యంగా ఉన్నాడో" అని మాత్రం దయచేసి అనకండి. కాదంటారా? అయితే మీ లెక్కేంటో చెప్పండి.