తాతగారి కెమెరా ఎంత చేస్తుంది?

పాత ఇల్లు అమ్మకానికి పెట్టినవారికి ఒక సంగతి అనుభవమే. ఇంటి ఖరీదు తేలడానికి ఒక పూట చాలు. అటక మీది సామాను సంగతి తేలడానికి నెల పడుతుంది. ఇత్తడి గంగాళం తూకానికి పోతుంది, మడత మంచం ఎవరో పట్టుకుపోతారు. ఏ తూకానికీ లొంగని వస్తువు దగ్గరనే తగవంతా వస్తుంది. బరంపురంలో మా తాతగారి ఇల్లు ఖాళీ చేసినప్పుడు మాకు అటువంటిదొకటి తగిలింది. తోలు సంచీలో కెమెరా.

సంచీ బిరుసెక్కి, గుండీ తుప్పు పట్టి, తెరవడమే ఒక పని అయింది. లోపల ఆగ్ఫావారి ఐసోలెట్. మీట నొక్కితే ముందు తలుపు తెరుచుకుని, హార్మోనియం తిత్తిలాంటి నల్లని మడతల కొసను అద్దం బయటికి వస్తుంది. జర్మనీలో మ్యూనిక్ నగరపు సరుకు. దిగుమతి ఆంక్షలున్న ఆ రోజులలో ఇటువంటిది సంపాదించడమంటే మాటలు కావు. తాతగారు కలకత్తా వెళ్ళి, ఎవరో వాడినదే కొనుక్కుని వచ్చారని ఇంట్లో చెప్పుకునేవారు. కోర్టు గుమాస్తా జీతంలో ఎట్లా కొన్నారో ఆయనకే తెలియాలి. గుమాస్తాగిరీ మాకూ వారసత్వంగా వచ్చింది గనుక ఆ ఆశ్చర్యం మాకింకా తీరలేదు.

వస్తువు బయటపడిన గంటలోగా మా పెదనాన్నగారి మనుమడు సెల్‌ఫోనులో వెదికి, పాత కెమెరా ఒకటి 1 కోటి 44 లక్షల యూరోలకు అమ్ముడుపోయిందని చదివి వినిపించాడు. వసారాలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. కుర్రవాడు చదివినది నిజమే. 2022 జూన్‌లో జర్మనీలోని వెట్స్‌లార్ ఊళ్ళో జరిగిన వేలంలో లైకా ఒకటి ఆ ధర పలికింది. అయితే అది ఎవరి లైకా? ఆ కెమెరాను రూపొందించిన ఆస్కార్ బార్నాక్ స్వయంగా వాడుకున్నది. లైకా అంగడికి వచ్చినది 1925లో; అంతకు ముందే పరీక్షకోసం చేసిన పిడికెడు కెమెరాలలో 105వ నంబరుది అది. అటువంటిది ప్రపంచానికంతటికీ ఒక్కటే. మా తాతగారి కెమెరావంటివి వేలకు వేలు.

వయస్సు పెరిగితే విలువ పెరుగుతుందనుకోవడం మనుషుల విషయంలోనే నిజం కాదు, కెమెరాల విషయంలో ఎట్లా నిజమవుతుంది? కొడక్‌వారు బ్రౌనీ పెట్టె కెమెరాను 1900లో ఒక్క డాలరుకు అమ్మారు. చవక గనుక లెక్కలేనంతమంది కొన్నారు. నూరేళ్ళు దాటినా మామూలు బ్రౌనీకి చెప్పుకోదగ్గ ధర రాదు. మన ఇళ్ళలో కనబడే ఆగ్ఫా క్లిక్ త్రీ, అదే బరోడాలో తయారైనది, దానిదీ అదే కథ. ముచ్చటగా చూసుకోవచ్చుగాని దానితో పిల్ల పెళ్ళి చేయలేము.

ధర కట్టేవాడు చూసేవి వేరు. అటువంటివి ఎన్ని మిగిలాయి, షట్టరు ఆడుతున్నదా, అద్దం శుభ్రంగా ఉన్నదా, ఇంతే. అద్దం వెనుకనుంచి టార్చి వేస్తే సాలెగూడు లాంటి పోగులు కనబడితే అది బూజు. సముద్రపు గాలి తగిలే మన ఊళ్ళకు అది శాపం. తోలు సంచీ తేమను పట్టి ఉంచుతుంది గనుక భద్రమనుకుని అందులో దాచినవే ముందు పాడవుతాయి. ఐసోలెట్‌కు పైగా రెండు సొంత జబ్బులున్నాయి. దూరం సరిచూసే చుట్టలో కంపెనీవారు పూసిన పచ్చని గ్రీజు ఏళ్ళు గడిచేసరికి జిగురై బిగిసిపోతుంది. తిత్తి మూలలు చిల్లులు పడతాయి. చీకటిగదిలో మా తిత్తిలో దీపం పెట్టి చూస్తే అచ్చంగా నక్షత్రాలే.

లైకా దొరికిందని సంబరపడేవారికి ఒక్క మాట. 1934 నుంచి ఖార్కోవ్‌లో ఫెడ్ అనే పేరుతో లైకా నమూనాలోనే కెమెరాలు చేశారు. వాటి పేరు చెరిపి, పైన లైకా అని చెక్కి, జర్మను వాయుసేన ముద్రో బెర్లిన్ ఒలింపిక్సు ముద్రో వేసి అమ్మేవారు తరువాత బయలుదేరారు. ముద్రలు మరీ ఘనంగా ఉంటే అనుమానించవలసిందే.

ఇక అసలు సంగతి. మా కెమెరా వెనుక తలుపుకు చిన్న ఎర్ర కిటికీ ఉన్నది. అందులో 7 అంకె కనబడుతున్నది. అంటే లోపల ఫిల్ము ఉన్నదన్నమాట, ఆరు బొమ్మలు తీసి ఉన్నారన్నమాట. కుర్రవాడు తలుపు తీయబోతే మేము చెయ్యి అడ్డం పెట్టాము. ఒకనాటి ఫిల్ములకు ఎర్ర వెలుతురు సోకేది కాదు; అంకె చూసుకోవడానికి ఆ రంగు అద్దం అందుకు పెట్టినదే. తలుపు తీస్తే మాత్రం సర్వనాశనం. బీరకాయంత తొందరపడకుండా, చీకట్లో మీట తిప్పి చివరిదాకా చుట్టి, కాగితపు పట్టీతో బిగించి తీయాలి. నలుపు తెలుపు ఫిల్మయితే ఎన్నో ఏళ్ళ తరువాత కూడా మసకగానైనా బొమ్మ వచ్చే అవకాశం ఉంటుంది. రంగు ఫిల్ముకు అంత ఆయుస్సు లేదు.

ఈ సంగతి విన్న దగ్గరనుంచి మా మేనత్తగారికి నిద్ర లేదు. మా మామ్మ 1961లో పోయింది. మేమెవరమూ చూడలేదు. ఆవిడ ఉన్న ఫోటో ఇంట్లో ఒక్కటే; పెళ్ళి గుంపులో తల వంచుకుని, ముసుగు చాటున. అత్తయ్యకు అప్పటికి పదిహేనేళ్ళు. ఆ తరువాత నాన్న కెమెరా ముట్టుకోగా చూడలేదంటుంది.

నలుపు తెలుపు ఫిల్ము కడిగేవారు ఊళ్ళో లేరు. చెన్నై పంపించాము, కొరియరుతో కలిపి తొమ్మిది వందలయింది. నాలుగు బొమ్మలు మబ్బులే. ఒకదానిలో ఖాళీ అరుగు. ఆరవదానిలో చేట పట్టుకుని ఒక స్త్రీ నిలబడి ఉన్నది; మెడ పైన ఏమీ లేదు. ఈ కెమెరాలో చూసే కిటికీ పైన, అద్దం కింద. మనిషి మరీ దగ్గరగా ఉంటే కిటికీలో కనబడిన తల బొమ్మలోకి రాదు. అత్తయ్య కళ్ళద్దాలు తుడుచుకుని చాలాసేపు చూసింది. "చేట పట్టుకున్న తీరు చూడరా, అమ్మే. తల తెగ్గొట్టారు నాన్న. ఆయనకు దేనికీ నిదానం లేదు" అన్నది.

కెమెరా మాటకు వస్తే, బాగుచేసే ఒకాయన 2,500 ఇస్తానన్నాడు. షట్టరు మరోదానికి పనికివస్తుందట. ముగ్గురు వాటాదార్లు. పెదనాన్నగారి అబ్బాయికి కూతురి కాలేజీ ఫీజు గడువు దగ్గరపడింది. అత్తయ్య, మేము మా వంతులు వదులుకున్నాము, అన్నయ్య అమ్మేశాడు. తాతగారి వస్తువు అమ్ముతారా అని బంధువులు కొందరు నొచ్చుకున్నారు. బీరువాలో బూజు పట్టడంకంటె ఇది మేలని మా అభిప్రాయం.

మీ ఇళ్ళలోనూ ఇటువంటివి ఉంటే కెమెరాతోపాటు నెగెటివుల డబ్బా కూడా వెదకండి. అమ్మకందారు దానిని అడగడు, మీరూ మరిచిపోతారు. మూత తీయగానే వెనిగర్ వాసన వేస్తే ఫిల్ము చెడడం మొదలైందని గుర్తు. వాటిని తక్కినవాటినుంచి వేరుచేసి, ఆలస్యం లేకుండా ప్రతులు తీయించాలి. మంచివాటిని ప్లాస్టిక్కులో కాక కాగితపు కవర్లలో, గాలి ఆడేచోట పెట్టాలి. పెద్దవారిని కూర్చోబెట్టుకుని ఎవరెవరో అడిగి, నెగెటివు లోపల పెట్టకముందే కవరుమీద పెన్సిలుతో పేర్లు రాయండి. సిరా వద్దు, తేమకు దిగుతుంది.