ఒక్క టైరు పోతే నాలుగు కొనాలా?

జయపురం నుండి ఒక పాఠకులు వ్రాసిన ఉత్తరం ఈ నెల మా బల్లమీదికి వచ్చింది. విషయం కారు టైరు. ఆవకాయ కొలతలూ, పిల్లల తెలుగు చదువులూ ముచ్చటించుకునే ఈ పుటలో టైరు గొడవ ఏమిటని విసుక్కోకండి. చదివి చూస్తే అది ఇంటి ఖర్చు గొడవే, ఇంటిల్లిపాదీ క్షేమంగా ఘాటీ దిగే గొడవే.

సంగతి యిది. వారి అల్లుడుగారు నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే కారు, ఆల్ వీల్ డ్రైవ్ అంటారే, అది కొన్నారు. నెలకొకసారి అత్తగారిని కంటి వైద్యానికి విశాఖపట్నం తీసికొని వెళ్లడానికి అదే ఆధారం. మొన్న పొట్టంగి దాటి సుంకి ఘాటీ దిగుతుండగా అంచున పడివున్న రాయి ఒకటి కోసుకుని ముందు టైరు పక్కగోడ చీలింది. డిక్కీలో ఉన్న చిన్న స్టెపినీ వేసికొని ఎలాగో ఊరు చేరారు. టైర్ల కొట్టుకు వెళితే, ‘‘ఒకటి మారిస్తే లాభం లేదు, నాలుగూ మార్చాలి’’ అన్నాడట కొట్టు యజమాని. మిగిలిన మూడూ ఇంకా సగం మిగిలి ఉన్నాయి. ‘‘చొక్కా గుండీ ఊడితే చొక్కా కొనమన్నట్టుంది. ఇది దగా గాదా?’’ అని వారి ప్రశ్న.

దగా కాదు. అయితే ఆ యజమాని విడమరచి చెప్పనూ లేదు, చెప్పేముందు కొలిచి చూడనూ లేదు.

పెండ్లి ఊరేగింపు వీధి మలుపు తిరగడం చూసే ఉంటారు. లోపలి వరుసవాళ్లు నిలబడ్డచోటనే నాలుగడుగులు వేస్తే, బయటి వరుసవాళ్లు పది అడుగులు గబగబా వేయాలి. కారు చక్రాలకూ అంతే. మలుపులో బయటి చక్రం ఎక్కువ తిరగాలి, లోపలిది తక్కువ. ఆ తేడా సర్దడానికి ఇరుసు మధ్యన ఉండే పళ్లచక్రాల పెట్టె పేరే డిఫరెన్షియల్. మామూలు కారులో అది ఒకటే. నాలుగు చక్రాలూ లాగే కారులో ముందొకటి, వెనకొకటి. ఇవి గాక, ముందుకూ వెనక్కూ నడుమ సర్దేది మరొకటి. కొన్ని కార్లలో అది మూడో డిఫరెన్షియల్. కొన్నిటిలో నూనెలో మునిగివుండే క్లచ్ పలకల కట్ట. 2022లో మారుతి గ్రాండ్ విటారాలోను, టొయోటా హైరైడర్‌లోను వచ్చినది ఈ రెండో రకమే. బురదలో ముందు చక్రాలు జారితే యంత్రం కనిపెట్టి పలకలను బిగించి, వెనక చక్రాలకు శక్తి పంపుతుంది.

ఇక లెక్క. లెడ్జరులో పైసా తేడా వస్తే దీపాలు పెట్టేవేళ దాకా వెతికే ఉద్యోగం మాది కనుక, ఈ లెక్క కాగితం మీద వేసి చూడందే మాకు తృప్తి కలగలేదు. 215/60 ఆర్ 17 అనే కొలత టైరు తీసికొందాం. కొత్తదాని చుట్టుకొలత సుమారు 2,167 మిల్లీమీటర్లు. కొత్త టైరు గీతల లోతు 8 మిల్లీమీటర్లనుకుంటే, సగం అరిగి 4కు వచ్చేసరికి చుట్టుకొలత 2,142 అవుతుంది. తేడా 25 మిల్లీమీటర్లు, బొటనవేలి మందం. ఇదీ ఒక తేడాయేనా అనిపిస్తుంది. కాని కిలోమీటరు దూరం వెళ్లేసరికి కొత్త టైరు 461 చుట్లు తిరిగితే పాతది 467 తిరగాలి. నూరు కిలోమీటర్లకు అయిదువందల పైచిలుకు చుట్ల తేడా. మలుపు అయిపోయినా మలుపులోనే ఉన్నట్టు లెక్క. ఈ తేడాలో సగం ఆ ఇరుసు డిఫరెన్షియల్ సర్దుకుంటుంది, తక్కిన సగం వెళ్లి నడుమనున్న పలకల మీద పడుతుంది. పలకలు బిగిసినప్పుడల్లా ఒరుసుకుంటాయి, వేడెక్కుతాయి, నూనె పాడవుతుంది. ఒకనాటితో పోయేది కాదు గాని, పోయిననాడు దాని ఖరీదు నాలుగు టైర్లకు మించి ఉంటుంది. పొట్టి ఎద్దునూ పొడుగు ఎద్దునూ ఒక కాడికి కట్టి దున్నితే మెడలు పుండ్లు పడతాయని రైతుకు చెప్పాలా?

ఇక్కడొక తిరకాసుంది. మామూలు కారులో ఒక టైరు పోతే, ఒకే ఇరుసుకు రెండు కొత్తవి వేయించడం మంచి పద్ధతి. ఆ అలవాటుతో, ‘‘నాలుగెందుకు, రెండు వేద్దాం’’ అని రాజీకి వచ్చేవాళ్లున్నారు. ఆల్ వీల్ కారులో ఆ రాజీ పనికిరాదు. రెండూ ఒకే ఇరుసున కొత్తవైతే కుడియెడమలు సరిపోతాయి గాని, ముందువెనకల మధ్య తేడా సగం కాదు, పూర్తిగా నడుమ పలకల మీదనే పడుతుంది. ఖర్చు పెట్టి చిక్కు పెంచుకోవడమన్నమాట.

అయితే ఎంత తేడా వరకు ఫరవాలేదు? కంపెనీ కంపెనీకీ మారుతుంది, కారుతో ఇచ్చిన పుస్తకమే ప్రమాణం. సుబారు వాళ్లు చుట్టుకొలతలో పావు అంగుళం మించరాదంటారు. గీతల లోతులో చూస్తే సుమారు 1 మిల్లీమీటరే. మీ టైరు లోతు కొలవడానికి కొట్టుదాకా పోనక్కరలేదు. అగ్గిపుల్ల గీతలోకి నిలువునా దించి, టైరు పైమట్టం దగ్గర గోటితో గిచ్చి, పిల్లల స్కేలు మీద పెట్టి చూడండి. నాలుగు టైర్లకూ, ఒక్కొక్కదానికి మూడుచోట్ల చూడండి. కొన్నప్పటి లోతుకు మిల్లీమీటరు లోపలే అరిగివుంటే, అదే కంపెనీ, అదే రకం, అదే కొలత టైరు ఒక్కటి కొంటే చాలు. మూడు మిల్లీమీటర్లకు వచ్చేసి ఉంటే ఎటూ ఆఖరికి వచ్చినవే, నాలుగూ మార్చినా పెద్దగా నష్టపోయేది లేదు. 1.6 దాకా ఆగేవాళ్లున్నారు, వానాకాలం ఘాటీలో అది మేము ఒప్పుకోము. చిక్కల్లా నడిమి అరుగుదల వాళ్లకే.

కొనడం దాకా రాకముందే చూడవలసినది, చిల్లు ఎక్కడ పడిందని. రోడ్డుకు ఆనే భాగంలో మేకు దిగి, చిల్లు 6 మిల్లీమీటర్ల లోపలుంటే టైరు బాగుపడుతుంది. బయటినుండి బంక తాడు కుక్కి పంపేది దారిలో గడుపుకోవడానికి. ఇంటికి వచ్చాక టైరు విప్పించి, లోపలినుండి పుట్టగొడుగు ఆకారపు ప్యాచ్ వేయించాలి. పక్కగోడ చీలితే మాత్రం ఏ ప్యాచీ పనికిరాదు. మరి బాగుపడవలసిన టైరును మనమే చంపుకునే మార్గమొకటుంది. గాలి పోయిందని తెలిసిన తర్వాత ‘‘ఆ కనిపించే కొట్టుదాకా’’ అంటూ నడిపితే రిమ్ము కింద నలిగి పక్కగోడ లోపల పొడి అవుతుంది. మేకు ఖర్చు కాస్తా టైరు ఖర్చవుతుంది, ఆల్ వీల్ కారుకు నాలుగు టైర్ల ఖర్చూ కావచ్చు.

దారిలో చక్రం మార్చడం అల్లుడుగారికి తెలిసే ఉంటుంది. ఈ రకం కారుకు ప్రత్యేకించినవి మాత్రం చెబుతాం. మలుపులో ఆపకండి, తిన్నని చోట, గట్టి నేలమీద ఆపండి. ఆడవాళ్లనూ పిల్లలనూ దింపి కొండవైపు దూరంగా నిలబెట్టండి. హ్యాండ్ బ్రేకు వేసి, మార్చని చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టండి. జాకీ మీద ఉండగా ఇంజను వేయరాదు. ఒక చక్రం గాలిలో ఉన్నా తక్కిన చక్రాలు కారును లాగి జాకీమీంచి దింపేయగలవు. నట్లు కారు నేలమీద ఉండగానే పానాతో వదులు చేసుకోవాలి, దింపాక ఎదురెదురుగా బిగించాలి. చిన్న స్టెపినీ వేస్తే దానిమీద అచ్చువేసిన వేగం, తరచు 80 ఉంటుంది, దాటకండి. ఏ ఇరుసుకు వేయమన్నారో పుస్తకంలో చూడండి. ‘లాక్’ అనే మీట తిప్పకండి. ఆ స్టెపినీ ఊరు చేరడానికే గాని ఊళ్లు తిరగడానికి కాదు. బండి ఈడ్పించవలసి వస్తే నాలుగు చక్రాలూ లారీ బల్ల మీదికి ఎక్కించమనండి. రెండు చక్రాలు ఎత్తి రెండు నేలమీద లాగితే గేరు పెట్టెకు, పలకలకు ముప్పు.

థార్, జిమ్నీ ఉన్నవారు ఈ వ్యాసం చదివి కంగారు పడనక్కరలేదు. వాటిలో కావాలన్నప్పుడు మీట వేస్తేనే నాలుగు చక్రాలూ లాగుతాయి. తారు రోడ్డు మీద రెండు చక్రాల మీదనే నడపండి, అంతే. ఎప్పుడూ తనంతట తాను సర్దుకునే కార్లకే ఈ లెక్కలు.

ఇంకొక మాట. మీ స్టెపినీ తక్కిన టైర్ల కొలతదే అయితే, పదివేల కిలోమీటర్లకొకసారి దానినీ కలిపి అయిదింటినీ వంతులవారీగా మార్పించండి. అయిదూ సమంగా అరిగితే, ఒకటి పోయిననాడు దాని జోడు డిక్కీలోనే ఉంటుంది. 2020లో మారిన నిబంధన ప్రకారం, గాలి ఒత్తిడి చెప్పే యంత్రమూ పంక్చరు సరంజామా ఉన్న కార్లకు స్టెపినీ ఇవ్వకపోయినా చెల్లుతుంది. కొనేముందు డిక్కీ తెరిచి చూడండి. ఘాటీ దారుల్లో తిరిగే మన కుటుంబాలకు స్టెపినీ లేని కారు మేము చెప్పము.

ఇక జయపురంవారికి. మీది పక్కగోడ చీలిక గనుక బాగుచేత లేదు. మిగిలినవి నాలుగు మిల్లీమీటర్లున్నాయన్నారు. కొత్తది ఒక్కటి వేయకండి, రెండూ వేయకండి. అదే కంపెనీది, అదే రకం, సగం అరిగిన టైరు దొరుకుతుందేమో ముందు వెతకండి. పక్కగోడ మీద నాలుగంకెలుంటాయి. 2423 అంటే 2023వ సంవత్సరం 24వ వారంలో తయారైనదని. మరీ పాతది వద్దు, లోపల ప్యాచీలున్నది వద్దు. దొరక్కపోతే నాలుగూ కొనవలసిందే, కొట్టు యజమానిని తిట్టుకోకండి. అంతవరకు చిన్న స్టెపినీతో విశాఖ ప్రయాణం పెట్టుకోవద్దు. ఈ నెల అమ్మగారిని బస్సులోనో అద్దె కారులోనో తీసికొని వెళ్లండి, వైద్యం తేదీ మాత్రం తప్పనీయకండి.

నాలుగూ మార్చేటట్టయితే పాత మూడింటినీ కొట్టులో వదిలి రాకండి. అదే కొలత టైర్లు మామూలు రెండు చక్రాల కార్లకూ ఉంటాయి, వాటికింకా చాలా దూరం ప్రాణముంది. కొలతా, లోతూ, ఆ నాలుగంకెలూ వ్రాసి పంపితే వచ్చే సంచిక చివరి పుటలో వేస్తాం. అలాంటి సగం అరిగిన టైరు ఒకటి ఎవరింటి వసారాలోనైనా పడి ఉంటే, వారూ ఈ నెలాఖరులోగా మాకు కార్డు ముక్క వ్రాయవచ్చు.