చిన్న దొంగతనం, పెద్ద మూల్యం

జూలై, ఆగస్టు నెలల్లో మన సంఘాలలో తరచుగా ఒక దృశ్యం కనిపిస్తుంది. ఆదివారం ఆరాధన ముగిసే ముందు అమెరికాకు చదువుకోవడానికి వెళ్తున్న యౌవనస్థుడో, యౌవనస్థురాలో ముందుకు వచ్చి మోకరిస్తారు. కాపరి తలమీద చెయ్యి ఉంచి ప్రార్థిస్తారు. తల్లి కొంగుతో కళ్లు ఒత్తుకుంటుంది. క్షేమమైన ప్రయాణం, ఆరోగ్యం, చదువు, ఉద్యోగం అన్నీ ఆ ప్రార్థనలో ఉంటాయి. ఇంటికి వెళ్లాక సూట్‌కేసులో ఆవకాయ, కందిపొడి, స్వెట్టరు, బైబిలు సర్దుతాం. అయితే "అక్కడి దుకాణంలో బిల్లు కట్టకుండా ఒక్క వస్తువు కూడా బయటికి తేవద్దు" అన్న మాట మాత్రం ఎవరూ చెప్పరు. మన పిల్లలకు అలాంటి మాట చెప్పడమే అవమానంగా తోస్తుంది.

ఆ మాట చెప్పక తప్పని రోజులు వచ్చాయని మేము భావిస్తున్నాం. 2024లో న్యూజెర్సీ రాష్ట్రంలో ఒక సూపర్ మార్కెట్‌లో కొన్ని వస్తువులకు డబ్బు కట్టలేదన్న ఆరోపణపై ఇద్దరు తెలుగు విద్యార్థినులను పోలీసులు అరెస్టు చేశారు. 2025 జూలైలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఒక దుకాణంలో ఇలాంటి ఆరోపణతోనే పట్టుబడిన ఒక భారతీయ మహిళ వీడియో మన ఫోన్లన్నిటిలో తిరిగింది. అదే రోజుల్లో భారతదేశంలోని అమెరికా రాయబార కార్యాలయం ఒక హెచ్చరిక విడుదల చేసింది. దాడి, దొంగతనం వంటి నేరాలు చేస్తే కోర్టు చిక్కులతో పోదనీ, వీసా రద్దు కావచ్చుననీ, ముందుముందు వీసాకు అర్హతే లేకుండా పోవచ్చుననీ దాని సారాంశం.

ఇరవై డాలర్ల వస్తువుకు ఇంత శిక్షా అని కొందరు అడుగుతున్నారు. ఆ ప్రశ్నకు జవాబు తెలియాలంటే ఒకే తప్పును అక్కడ ఇద్దరు వేర్వేరుగా తూకం వేస్తారన్న సంగతి గ్రహించాలి. ఒకటి ఆ ఊరి కోర్టు. రెండోది వలస చట్టం. ఊరి కోర్టుకు ఇది రోజూ వచ్చే చిన్న కేసు. వలస చట్టం దృష్టిలో మాత్రం దొంగతనం సాధారణంగా 'నైతిక పతనాన్ని తెలిపే నేరాల' జాబితాలోకి వస్తుంది. అక్కడి పౌరుడు జరిమానా కట్టి ఇంటికి వెళ్లిపోతాడు. వీసాపై ఉన్న విద్యార్థికి అసలు కథ ఆ తరువాతే మొదలవుతుంది.

వీసా వేరు, విద్యార్థి హోదా వేరు అన్న తేడా కూడా మనలో చాలామందికి తెలియదు. వీసా గుమ్మం దగ్గర చూపించే చీటీ వంటిది. హోదా ఇంట్లో ఉండనిచ్చే అనుమతి. ఎఫ్-1 విద్యార్థి హోదా ఐ-20 పత్రం మీద, 'సెవిస్' అనే ప్రభుత్వ కంప్యూటర్ రికార్డు మీద నిలబడి ఉంటుంది. నేరం రుజువు కాకపోయినా, అరెస్టు అయిన సమాచారం ఆధారంగానే అమెరికా విదేశాంగ శాఖ వీసాను రద్దు చేయగలదు. వీసా రద్దయినంత మాత్రాన లోపల ఉన్న విద్యార్థి హోదా దానంతట అది పోదు. కానీ అక్క పెళ్లికో, నాన్న అనారోగ్యానికో ఇండియా వచ్చాడా, కొత్త వీసా లేకుండా తిరిగి వెళ్లలేడు. ఆ కొత్త వీసా కోసం కాన్సులేట్ కిటికీ ముందు నిలబడినప్పుడు పాత అరెస్టు ప్రశ్నగా ఎదురవుతుంది.

2025 వసంతకాలంలో జరిగినది ఇంతకంటే కఠినమైనది. అమెరికా అధికారులు విదేశీ విద్యార్థుల పేర్లను నేర రికార్డుల డేటాబేస్‌తో పోల్చి చూసి, వేలాది మంది సెవిస్ రికార్డులను రద్దు చేశారు. వారిలో కేసు కొట్టివేయబడినవారు, అసలు శిక్షే పడనివారు, ట్రాఫిక్ తప్పు మాత్రమే చేసినవారు కూడా ఉన్నారు. తనకు అందిన 327 ఫిర్యాదులను పరిశీలించిన అమెరికా ఇమిగ్రేషన్ లాయర్ల సంఘం, బాధితుల్లో సగం మంది భారతీయులేనని తెలిపింది. విద్యార్థులు కోర్టులకు వెళ్లారు. చాలామంది న్యాయమూర్తులు వారి పక్షాన ఉత్తర్వులిచ్చారు. ఏప్రిల్ 25న ఆ రికార్డులను పునరుద్ధరిస్తున్నామని ప్రభుత్వం కోర్టుకు చెప్పింది. అదే ఏడాది ఆగస్టులో, ఆరు వేలకు పైగా విద్యార్థి వీసాలు రద్దు చేశామనీ, వాటిలో సుమారు 4,000 చట్ట ఉల్లంఘనల కారణంగానేననీ విదేశాంగ శాఖ ప్రకటించింది. గాలి ఎటు వీస్తున్నదో దీన్నిబట్టి తెలుస్తుంది.

అయితే భయపెట్టే ప్రతి పుకారూ నిజం కాదు. 2025 జనవరిలో చట్టంగా మారిన లేకెన్ రైలీ చట్టంలో దుకాణ దొంగతనం పేరు స్పష్టంగానే ఉంది. ఆరోపణ వచ్చినా నిర్బంధించాలని అది చెబుతుంది. కానీ అది ప్రధానంగా సరైన పత్రాలు లేకుండా దేశంలో ప్రవేశించినవారి కోసం చేసిన చట్టం. సక్రమమైన హోదాలో చదువుకుంటున్న విద్యార్థికి నేరుగా వర్తించదు. అలాగే మొదటిసారి చేసిన చిన్న నేరానికి వలస చట్టంలోనే ఒక మినహాయింపు ఉంది. ఆ నేరానికి గరిష్ఠ శిక్ష ఏడాదికి మించకూడదు. నిజంగా విధించిన శిక్ష ఆరు నెలలకు మించకూడదు. అలాంటి నేరం జీవితంలో అదొక్కటే అయి ఉండాలి.

ఇక్కడే ఒక సూక్ష్మం ఉంది. న్యూజెర్సీలో 200 డాలర్ల లోపు వస్తువులైతే గరిష్ఠ శిక్ష ఆరు నెలలు. 200 డాలర్లు తాకితే గరిష్ఠ శిక్ష 18 నెలలకు పెరుగుతుంది. అంటే 190 డాలర్ల బుట్టకు ఆ మినహాయింపు తలుపు తెరిచి ఉండవచ్చు, 210 డాలర్ల బుట్టకు మూసుకుపోతుంది. అంతేకాదు, దేశంలో అడుగుపెట్టిన అయిదేళ్లలోపు ఇలాంటి నేరం చేసి దోషిగా తేలితే, ఆ నేరానికి ఏడాది లేదా అంతకు మించి శిక్ష వేసే వీలుంటే, దేశం నుండి పంపివేయడానికే అది కారణం కాగలదు. స్నేహితులతో పందెం కాసి జేబులో వేసుకున్న వస్తువుల ధర ఎవరు లెక్క చూసుకుంటారు?

మన పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది దుకాణంలో కాదు, ఆ తరువాత తీసుకునే తొందరపాటు నిర్ణయాల వల్లనని మాకు అనిపిస్తున్నది. పట్టుబడ్డ విద్యార్థికి మొదట వచ్చే ఆలోచన ఒక్కటే: ఇంట్లో తెలియకూడదు. లక్షల్లో అప్పు చేసి పంపిన తండ్రి ముఖం, తన కోసం మోకరించిన సంఘం ముఖం గుర్తుకొస్తాయి. అందుకే లాయరును పెట్టుకోడు. కోర్టులో తప్పు ఒప్పుకుని జరిమానా కట్టేస్తే పీడ పోతుందనుకుంటాడు. పోదు. తప్పు ఒప్పుకుని, దానికి ఏ చిన్న శిక్ష లేక షరతు పడినా, వలస చట్టం దాన్ని దోషిగా తేలినట్టే లెక్కిస్తుంది. సమాజ సేవ చేస్తే కేసు కొట్టేస్తామని స్థానిక కోర్టు చెప్పినా, ముందుగా నేరం ఒప్పించి ఉంటే ఆ కొట్టివేత వలస అధికారి దగ్గర చాలాసార్లు పనికిరాదు. ఆ తరువాత రికార్డును చెరిపివేయించుకున్నా అంతే.

మరి కొందరు ఇంకో మెట్టు దిగుతారు. వీసా దరఖాస్తు డీఎస్-160లో, ఎప్పుడైనా అరెస్టయ్యారా అన్న ప్రశ్నకు 'లేదు' అని రాస్తారు. వేలిముద్రలు అప్పటికే ఆ ప్రభుత్వం దగ్గర ఉన్నాయి. చిన్న దొంగతనానికి మినహాయింపు దొరికే అవకాశమైనా ఉంది. వీసా కోసం కావాలని ఆడిన అబద్ధానికి పడే నిషేధానికి కాలపరిమితి లేదు. నాలుగు వస్తువులు చేయలేని నష్టాన్ని ఒక్క 'లేదు' చేసేస్తుంది.

కాబట్టి ఎవరికైనా ఇలాంటి పరిస్థితి వస్తే చేయవలసినవి కొన్ని ఉన్నాయి. పారిపోకూడదు, వాదించకూడదు, ఎవరికీ డబ్బు ఇవ్వజూపకూడదు. పేరు చెప్పి, లాయరు కావాలని మర్యాదగా అడగాలి. మిగతా ప్రశ్నలకు లాయరు వచ్చేవరకు మౌనంగా ఉండే హక్కు ఉంది. నేను ఎఫ్-1 విద్యార్థినని లాయరుకు మొదటి మాటగా చెప్పాలి. నేరం ఒప్పుకుంటే దేశం విడిచి వెళ్లే ప్రమాదం ఉందో లేదో విదేశీయుడైన కక్షిదారుకు చెప్పడం క్రిమినల్ లాయరు బాధ్యత అని 2010లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అయినా వలస చట్టం తెలిసిన మరో లాయరును కూడా సంప్రదించాకే ఏ కాగితం మీదనైనా సంతకం చేయాలి. కోర్టు తేదీ తప్పకూడదు, తప్పితే వారంటు వస్తుంది. కేసు తేలే వరకు ఇండియా ప్రయాణం లాయరును అడగకుండా పెట్టుకోకూడదు. కేసు ముగిశాక కోర్టు ధృవీకరించిన తుది ఉత్తర్వు ప్రతిని తీసుకుని జాగ్రత్తగా దాచుకోవాలి. అన్నిటికంటే ముందు, ఇంట్లో ఒక్కరికైనా నిజం చెప్పాలి.

ఆ చివరి మాట నెరవేరాలంటే బాధ్యత మనది. ఆ వీడియోలు వచ్చినప్పుడు మనం ఏం చేశాం? సంఘపు వాట్సాప్ గ్రూపులో, ప్రార్థన మనవుల మధ్యే, 'మనవాళ్లు పరువు తీశారు' అని రాసి పంపాం. ఆ గ్రూపులో డల్లాస్‌లో, న్యూజెర్సీలో ఉన్న మన పిల్లలు కూడా ఉన్నారు. తప్పు చేసిన రోజున ఈ పెద్దలు తమ గురించి ఏమంటారో వారు అప్పుడే చదువుకున్నారు. ఇక మనకెందుకు చెబుతారు?

దొంగతనాన్ని మేము తేలిక చేయడం లేదు. తరగతులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి క్యాంపస్‌లో పని చేయకూడదన్న నిబంధన మధ్య, అద్దె, ఫీజు, అప్పుల వడ్డీ మధ్య నలిగిపోయే విద్యార్థి మాకు తెలుసు. అయినా ఇబ్బంది తప్పును ఒప్పుగా మార్చదు. సెల్ఫ్ చెకౌట్ దగ్గర మనిషి లేడని, కెమెరా చూడలేదని తీసుకున్నది కూడా దొంగతనమే. ఆకలిగా ఉంటే అడగడానికి దారులున్నాయి. అనేక విశ్వవిద్యాలయాల్లో విద్యార్థులకు ఉచితంగా సరుకులిచ్చే కేంద్రాలున్నాయి, అక్కడి సంఘాలున్నాయి. అడగడం సిగ్గు కాదని పంపే ముందే నేర్పాలి.

ఫిలేమోనుకు పౌలు రాసిన చిన్న పత్రిక మన కాపరులందరూ బోధించినదే. యజమాని దగ్గర నుండి వెళ్లిపోయిన ఒనేసిము పక్షాన పౌలు రాశాడు. నష్టం ఏమీ జరగలేదని వాదించలేదు. నష్టముంటే దాన్ని తన లెక్కలో వేయమన్నాడు. తప్పును దాచలేదు, మనిషిని వదల్లేదు. ఈ రెండూ కలిసి ఉండడమే మన సంఘాలు నేర్చుకోవలసినది.

ఈ ఏడాది విదేశాలకు వెళ్లే పిల్లల కోసం ప్రార్థించే ఆదివారం నాడే, ఆరాధన అయ్యాక ఒక గంట వారితో కూర్చోండి. ఈ నియమాలు చెప్పండి. అక్కడ స్థిరపడిన మన సంఘ సభ్యుల్లో నమ్మకస్థులైన ఇద్దరి ఫోన్ నంబర్లు ఇవ్వండి. తల్లిదండ్రులు మరొక్క మాట చెప్పండి: "ఏం జరిగినా మొదట మాకే ఫోన్ చెయ్యి. కోప్పడతాం, కానీ నీతోనే ఉంటాం." ఆ మాట విని వెళ్లిన బిడ్డ తప్పు చేయడానికి వెనకాడతాడు. చేసినా దాచడు.