చొక్కా మీది పేరు

సంక్రాంతి సెలవులకు ముందురోజు మా అమ్మాయి తరగతి పిల్లలందరూ ఒకే రకం టీషర్టులు వేసుకోవాలని తల్లిదండ్రులం అనుకున్నాము. ముందువైపు గాలిపటం బొమ్మ, వీపు మీద ఎవరి పేరు వారిది. పేర్లు తెలుగులో ఉండాలన్నాను నేను. "ఎందుకండీ, ఎవరు చదువుతారు?" అన్నారొకరు. ఆ ప్రశ్నకు నా సమాధానమే ఈ నాలుగు మాటలూ.

పేర్లు తెలుగులో వేయాలంటే ముందు అవి తెలుగులో దొరకాలి. తరగతి హాజరు జాబితా ఇంగ్లీషులో ఉంది. దాని నుండి తెలుగులోకి మార్చడం ఎంత పని అనుకొని కూర్చున్నాను. రెండో పేరు దగ్గరే కలం ఆగిపోయింది. వీణా, వీనా? నళిని అయితే అందులోది ల, ళలలో ఏది? సాత్విక్ పేరును మన అలవాటు ప్రకారం టి పక్కన హెచ్ పెట్టి రాస్తారు. అది చూసి తెలుగులో రాస్తే సాథ్విక్ అయి కూర్చుంటుంది. ద, డ, త, ట, న, ణ అన్నీ ఆ ఇరవయ్యారు అక్షరాలలో ఇమడవు కదా! ఒక తరం పిల్లల పేర్లకు సరైన రూపం వాళ్ళ అమ్మల నోళ్ళలో తప్ప మరెక్కడా నమోదై లేదని ఆ రాత్రి నాకు తెలిసింది.

చీటీలు పంపి, పిల్లల పేర్లు తెలుగులో రాసి పంపమన్నాను. నల్లగొండ, ఖమ్మం వైపుల నుండి వచ్చి ఎల్బీనగర్‌లో స్థిరపడినవాళ్ళు చాలామంది వెంటనే రాసి పంపారు. ఒకరిద్దరు తమకు రాయడం రాదని ఫోనులో పలికి చెప్పారు. ఒక తల్లి హిందీలో రాసింది. ఆమె పలికినట్లే తెలుగులో రాసి చూపిస్తే సంతోషంగా సరేనంది.

ఇక అచ్చు సంగతి. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కితే విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి దాటి మూడవ స్టేషను దిల్‌సుఖ్‌నగర్. అక్కడి దుకాణంలో మొదట నాకు పాఠం చెప్పారు. స్క్రీన్ ప్రింటింగులో ఒక్కో బొమ్మకు, ఒక్కో రంగుకు వేరే తెర కట్టాలి. వంద చొక్కాల మీద ఒకే బొమ్మ అయితే చవక, ముప్ఫై చొక్కాల మీద ముప్ఫై పేర్లంటే కుదరదు. సబ్లిమేషన్ పాలిస్టరుకే పట్టుతుంది, నూలుకు పట్టదు. వినైల్ కోయించవచ్చు గానీ మన తలకట్లు, వత్తులు సన్నగా ఉండి, వేడికి సరిగా అంటుకోకపోతే నాలుగు ఉతుకులకే లేచిపోతాయట. చివరికి డీటీఎఫ్ అన్నారు: పేర్లన్నీ ఒకే ఫిల్ము మీద అచ్చువేసి, జిగురు పొడి చల్లి, విడివిడిగా కత్తిరించి వేడి ప్రెస్సుతో బట్టకు అంటించడం.

పేర్ల జాబితాను యూనికోడులో తీసుకువెళ్ళాను. దుకాణంలోని పాత సాఫ్టువేరులో అతికించగానే వత్తులు ఒకవైపు, గుణింతాలు ఒకవైపు చెల్లాచెదరైపోయాయి. శ్రీ కాస్తా శ, ర, నడుమ ఒక పొల్లు, పక్కన దిక్కులేని గుడిదీర్ఘం! తెలుగు బదులు డబ్బాలు కనబడిన రోజుల నుండి ఇక్కడున్న మిత్రులకు ఆ దృశ్యం కొత్త కాదు. యూనికోడులో శ్రీ అంటే శ, విరామం, ర, దీర్ఘం అనే నాలుగు సంకేతాల వరుస మాత్రమే. వాటిని కలిపి అక్షరంగా కూర్చవలసింది ఫాంటూ, దాని నియమాలను అర్థం చేసుకొనే సాఫ్టువేరూను. ఆ కూర్పు రాని సాఫ్టువేరు సంకేతాలను విడివిడిగా పేర్చి ఊరుకుంటుంది. "అను ఫాంటులో మళ్ళీ టైపు చేస్తాం సార్" అన్నాడు కుర్రవాడు. మళ్ళీ టైపు అంటే మళ్ళీ తప్పులు. ఇంటికి వచ్చి ఇంక్‌స్కేప్‌లో రామభద్ర ఫాంటుతో పేర్లు కూర్చి, అక్షరాలను గీతలుగా మార్చి, పీడీఎఫ్ చేసి ఇచ్చాను. ఆ ఫాంటూ ఉచితమే, ఆ సాఫ్టువేరూ ఉచితమే. గీతలుగా మారిన అక్షరాన్ని ఏ యంత్రమూ విడదీయలేదు.

ఇంత చేసినా ఒక తప్పు జరిగింది, అది నాదే. ఒక పాప చీటీ రాలేదు. గడువు దగ్గర పడిందని ఇంగ్లీషు జాబితా చూసి నేనే 'శ్రావని' అని వేయించాను. చొక్కా అందుకున్న పాప దానిని తిప్పి చూసుకొని, "అంకుల్, మా నానమ్మ దీన్ని ణ అని రాస్తుంది" అన్నది. కోపంగా కాదు, నాకు తెలియదేమోనని చెప్పినట్లు. సాయంత్రమే వెళ్ళి సరైన పేరుతో మరో చొక్కా వేయించి ఇచ్చాను.

రెండు అభ్యంతరాలు వినిపించాయి. ఒకటి డబ్బు. అది న్యాయమైనదే. అందరిదీ ఒకే తరగతి అయినా అందరి జేబులూ ఒకటి కావు. అందుకే ఎవరు ఎంత ఇచ్చారో బయటికి తెలియకుండా సొమ్ము ఒక్కరి దగ్గరే పోగుచేశాము. అలా వీలుకాని చోట చొక్కాల వేడుక మానుకోవడమే మేలు. రెండవది, తెలుగు బడిలో నేర్పుతున్నారు కదా, చొక్కా మీద ఎందుకని. నిజమే, 2018 నాటి చట్టంతో తెలంగాణ బడులన్నిటిలో తెలుగు తప్పనిసరి పాఠ్యాంశమైంది. కానీ పరీక్ష కోసం నేర్చిన అక్షరం పరీక్షతో వెళ్ళిపోతుంది. తన పేరులోని అక్షరం తనది. అది ణ అని పట్టుబట్టిన పిల్లకు ఇక వర్ణమాలలో ఆ ఒక్క అక్షరమైనా పరాయిది కాదు.

ఎవరు చదువుతారని కదా ప్రశ్న. సెలవులకు ఆ పిల్లల్లో సగం మంది ఎల్బీనగర్‌లో విజయవాడ బస్సెక్కి ఊళ్ళకు వెళ్ళారు. ఆ ఊళ్ళలో తెలుగు మాత్రమే చదవగలిగిన నానమ్మలు, అమ్మమ్మలు ఉన్నారు. మనవరాలి వీపు మీద ఏమి రాసి ఉందో వాళ్ళకు ఎవరూ చదివి చెప్పనక్కరలేదు. నాకు ఆ సమాధానం చాలు.

మీ పిల్లల బడిలో ఇటువంటిది తలపెడితే నాదొక్కటే మనవి. పేర్లు జాబితా చూసి రాయకండి, ఇంట్లోవాళ్ళను అడిగి రాయండి.