సేవకు సర్వీస్ ఛార్జీ ఎందుకు?

విద్యార్థులకు, తల్లిదండ్రులకు, కాలేజీ యాజమాన్యాలకు విజ్ఞప్తి

వేసవి సెలవులు దగ్గరపడితే చాలు, ఫోన్లలో ప్రకటనలు మొదలు. నేపాల్‌లో అనాథలకు పాఠాలు చెప్పండి, దక్షిణాఫ్రికాలో సింహం పిల్లలకు పాలు పట్టండి, సర్టిఫికెట్ తీసుకెళ్లండి! రెండు వారాలకు లక్ష రూపాయలు దాటే ప్యాకేజీలు ఇందులో మామూలే. విమానం టికెట్ వేరు. చాకిరీ మనది, ఎదురు డబ్బూ మనదే. అందులో ఊరికి చేరేదెంత, ఏజెంటుకు మిగిలేదెంత అని అడిగి చూడండి. మాట మార్చేస్తారు.

వెళ్లొద్దని మేం అనడం లేదు. వెళ్లండి, దళారీ లేకుండా వెళ్లండి. ఇది కొత్త దారేమీ కాదు. 1920లో పియరీ సెరిసోల్ అనే స్విట్జర్లాండ్ ఇంజనీరు, యుద్ధంలో నేలమట్టమైన ఫ్రాన్స్ పల్లె ఒకదాన్ని మళ్లీ కట్టడానికి వేర్వేరు దేశాలవాళ్లను కూడగట్టాడు. నిన్నటి శత్రువులైన జర్మన్లూ వాళ్లలో ఉన్నారు. 1934లో బీహార్ భూకంపం తర్వాత ఆయన మన దేశానికీ వచ్చి, ఇళ్లు కోల్పోయినవాళ్ల కోసం ఊళ్లు కట్టే పనిలో చేయి కలిపాడు. ఆయన మొదలుపెట్టిన సర్వీస్ సివిల్ ఇంటర్నేషనల్ ఇప్పటికీ తక్కువ ఖర్చుతో శ్రమదాన శిబిరాలు నడుపుతోంది. 1971లో ఇంగ్లండ్‌లో పుట్టిన ‘వూఫ్’ పద్ధతి ఇంకా సులువు: సేంద్రియ రైతు పొలంలో పని చేస్తే తిండి, పడక ఆ రైతువే. కాకపోతే జీతం లేని పనిని కూడా కొన్ని దేశాలు ఉద్యోగంగానే లెక్కేస్తాయి. టూరిస్టు వీసా సరిపోతుందో లేదో రాయబార కార్యాలయాన్నే అడగండి, ఏజెంటును కాదు.

ఖర్చు సంగతి అలా ఉంచితే, అసలు ప్రమాదం వేరే ఉంది. నేపాల్ అనాథాశ్రమాల్లోని పిల్లల్లో అత్యధికులకు తల్లో తండ్రో బతికే ఉన్నారు. మంచి చదువు చెప్పిస్తామని మారుమూల కొండ ఊళ్ల నుంచి దళారులు తెచ్చిన పిల్లలు వాళ్లలో ఎందరో. ఆశ్రమాలు ఎక్కువగా కాఠ్మాండూ, పోఖరా, చిత్వన్ లాంటి యాత్రికులు తిరిగే చోట్లే ఎందుకున్నాయో ఆలోచించండి. చూడ్డానికి వచ్చేవాళ్లు డబ్బిస్తున్నంత కాలం చూపించడానికి పిల్లలు కావాలి. రెండు వారాలు ముద్దు చేసి మనం వచ్చేస్తాం, మర్నాడు ఇంకొకరు దిగుతారు. ఆ పసివాడు ఎంతమందిని అక్కా అన్నా అని పిలిచి మర్చిపోవాలి?

సింహం పిల్లల కథ ఇంతకన్నా ఘోరం. పెంపక కేంద్రాల్లో పుట్టిన కూనలను రోజుల్లోనే తల్లి నుంచి లాగేస్తారు. తల్లిలేనివని చెప్పి పాలసీసా మన చేతిలో పెడతారు. పెరిగాక వాటిలో చాలావాటిని కంచె లోపలే వేటగాళ్లకు అమ్ముతారు, ఎముకలు కూడా వ్యాపారమే. ఈ పెంపకాన్ని ఆపుతామని దక్షిణాఫ్రికా ప్రభుత్వమే 2021లో ప్రకటించింది. అడవి జంతువును ముట్టుకోనిచ్చే చోటు సంరక్షణ కేంద్రం కాదు. ఇదొక్కటి గుర్తుంటే సగం మోసాలు వాటంతటవే తప్పుతాయి.

బడి గోడ కట్టే ప్యాకేజీల గురించి ఒక్క మాట: తాపీ పట్టడం రానివాళ్లు గోడ కడితే అక్కడి మేస్త్రీకి కూలి పోతుంది, గోడకూ నమ్మకం ఉండదు.

నిజమైన పనికి మెరుపులుండవు. చెన్నై తీరంలో 1988 నుంచి విద్యార్థులు రాత్రుళ్లు మైళ్ల కొద్దీ నడిచి, ఆలివ్ రిడ్లే తాబేళ్ల గుడ్లను కాపాడుతున్నారు. చాలా రాత్రులు ఇసుక తప్ప ఏమీ కనిపించదు. మన కోస్తాకూ ఆ తాబేళ్లు వస్తాయి. ముందు ఇక్కడ ఒక సీజను నడవండి. ఆ అనుభవం ఉంటే శ్రీలంకలోనో కోస్టారికాలోనో తీరాన్ని కాచేవాళ్లకు మీరే నేరుగా ఉత్తరం రాయొచ్చు. పని తెలిసినవాడికీ ఫొటో కోసం వచ్చినవాడికీ తేడా వాళ్లకు ఉత్తరంలోనే తెలిసిపోతుంది.

కాలేజీలను మేం కోరేది ఇదీ. అనాథాశ్రమ యాత్రలకు, కూనలను ఎత్తుకునే యాత్రలకు క్రెడిట్లు, హాజరు మినహాయింపు ఇవ్వకండి. రుసుములో ఎంత భాగం ఎవరికి చేరుతుందో రాతపూర్వకంగా ఇవ్వని ఏజెన్సీని క్యాంపస్ గేటు దాటనివ్వకండి. ఎన్ఎస్ఎస్ గదిలో ఒక రిజిస్టరు పెట్టండి. వెళ్లొచ్చిన సీనియర్లు ఎక్కడ పని చేశారో, ఎంత ఖర్చయిందో, ఎవరికి రాశారో, మళ్లీ వెళ్తారో లేదో అందులో రాయాలి. నేపాల్ వెళ్లడానికి మనకు వీసా అక్కర్లేదు, రక్సౌల్ దాకా హైదరాబాద్ నుంచి రైలుంది. ఇలాంటి సంగతులన్నీ ఆ రిజిస్టరులో ఉంటే జూనియర్లు ఏజెంటు గుమ్మం ఎక్కాల్సిన పనేముంది?