మొగుడంపల్లి బడికి అర్జెంటీనా వార్త

2024 జనవరిలో మన ప్రభుత్వ రంగ సంస్థ కాబిల్ అర్జెంటీనాలోని కాటమార్కా రాష్ట్ర ప్రభుత్వ సంస్థతో ఒక ఒప్పందం చేసుకుంది. దాని ప్రకారం దాదాపు 15,700 హెక్టార్లలో, అయిదు బ్లాకుల్లో లిథియం కోసం వెతకవచ్చు. అంతకు ముందటేడు మహీంద్రా సంస్థ జహీరాబాద్‌లో ఎలక్ట్రిక్ వాహనాల తయారీని పెంచేందుకు వెయ్యి కోట్ల పెట్టుబడి ప్రకటించింది. ఆ బండ్లకు కావలసింది లిథియం బ్యాటరీలే. అయినా జహీరాబాద్ దగ్గరి మొగుడంపల్లి మండలంలో ఏడో తరగతి పిల్లలకు అర్జెంటీనా పేరు చెబితే గుర్తొచ్చేది మెస్సీ ఒక్కడే.

ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా సాంఘిక శాస్త్రంలో వారానికి ఒక పీరియడ్ అర్జెంటీనా వంటి స్పానిష్ మాట్లాడే దేశాల వార్తలకు ఇవ్వాలి. రాజధానులు, కరెన్సీలు బట్టీ పట్టించే జీకే పీరియడ్‌తో ఆ పని కాదు. అక్కడ ఈ నెల ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఎవరికి లాభం, ఎవరికి నష్టం అన్నది పిల్లలు చర్చించాలి.

కాటమార్కానే తీసుకోండి. అక్కడి ఉప్పు మైదానాల్లో భూగర్భంలోని ఉప్పునీటిని పైకి తోడి, విశాలమైన మడుగుల్లో నెలల తరబడి ఎండబెట్టి లిథియం తీస్తారు. అసలే వానలు తక్కువైన ఎత్తైన ప్రాంతం అది. లోస్ పాతోస్ నది దగ్గర నీళ్లు తగ్గిపోతున్నాయని ఒక ఆదివాసీ నాయకుడు కోర్టుకెక్కాడు. మొత్తం ప్రభావాన్ని అధ్యయనం చేసేదాకా అక్కడ కొత్త అనుమతులు ఇవ్వొద్దని 2024 మార్చిలో ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం ఆదేశించింది. దానికి ముందు, 2023 జూన్‌లో, అదే దేశంలోని హుహుయ్ రాష్ట్రంలో, రాష్ట్ర రాజ్యాంగ సవరణ తమ భూములకు, నీళ్లకు ముప్పని ఆదివాసులు రోడ్ల మీద బైఠాయించారు. ఆదివాసుల హక్కులకు, భూములకు సంబంధించిన రెండు అధికరణాలను గవర్నర్ వెనక్కి తీసుకోవలసి వచ్చింది. అప్పటికీ శాంతించని జనం ఆగస్టుకల్లా రాజధాని బ్యూనస్ ఏర్స్ చేరుకున్నారు.

మొగుడంపల్లి పిల్లలకు ఈ కథ కొత్తగా ఏమీ అనిపించదు. దగ్గర్లోని న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో జాతీయ పెట్టుబడులు, తయారీ మండలి (నిమ్జ్) కోసం 12 వేలకు పైగా ఎకరాల సేకరణ తలపెట్టినప్పటి నుంచి పరిహారం, పట్టా, నోటీసు అన్న మాటలు ఇళ్లలో రోజూ వినబడేవే. ఊళ్లో జరిగేదాన్ని తరగతిలో మాట్లాడాలంటే టీచరుకూ ఇబ్బందే, పిల్లలకూ ఇబ్బందే. హుహుయ్ గురించైతే ఆ మొహమాటం ఉండదు. భూమి ఎవరిది, నీళ్లెవరివి, ఫ్యాక్టరీ వస్తే ఉద్యోగం ఎవరికి అని ఎనిమిదో తరగతి అమ్మాయి ధైర్యంగా అడగగలదు.

వానల సంగతీ ఇలాంటిదే. పెరూ తీరంలో సముద్రం వేడెక్కితే ఎల్ నినో; అది వచ్చిన ఏడు మన దగ్గర వానలు తగ్గే అవకాశం ఎక్కువ. 2023లో అక్కడ పిల్ల చేపలే ఎక్కువగా కనబడటంతో పెరూ ఆంకోవీ చేపల మొదటి వేట సీజన్‌ను రద్దు చేసింది. అదే ఏడాది ఆగస్టులో మన దేశంలో పడిన వాన 1901 తర్వాత ఆ నెలకు అతి తక్కువ. కంది చేను వాడిపోతుంటే ఆకాశం వంక చూసే రైతు బిడ్డకు పెరూ జాలరి కష్టం చెబితే అర్థం కాదా? జహీరాబాద్ ప్రాంతంలో పండే ఆలుగడ్డ పుట్టిల్లు కూడా ఆ దేశపు కొండలే. పెరూ ప్రతిపాదన మీదే 2024 నుంచి మే 30ని అంతర్జాతీయ ఆలుగడ్డ దినంగా జరుపుతున్నారు.

జిల్లా సంగతులే తెలియని పిల్లలకు లాటిన్ అమెరికా ఎందుకని కొందరు అంటారు. సిలబస్ పూర్తిచేయలేక సతమతమయ్యే టీచర్ల మాట కొట్టిపారేయలేం. అందుకే ఇది పరీక్ష లేని పీరియడ్ కావాలి. స్పానిష్ నేర్పే దాకా ఆగనవసరమూ లేదు. 2020 జాతీయ విద్యా విధానం స్పానిష్‌ను సెకండరీ స్థాయిలో నేర్చుకోదగిన విదేశీ భాషల్లో చేర్చింది గానీ, మండల కేంద్రంలోని బడికి ఆ టీచరు ఎప్పుడొస్తాడో ఎవరు చెప్పగలరు? వార్తను తెలుగులో ఇవ్వొచ్చు, ఉర్దూ మీడియంలో ఉర్దూలో ఇవ్వొచ్చు. కర్ణాటక సరిహద్దులో రెండు మూడు భాషలు వింటూ పెరిగే పిల్లలకు పరాయి పేర్లంటే బెరుకు తక్కువ.

హైదరాబాద్‌లోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ)లో స్పానిష్ చదివే విద్యార్థులున్నారు. లీమా, బ్యూనస్ ఏర్స్, మెక్సికో సిటీ పత్రికల నుంచి నెలకు నాలుగు వార్తలు వాళ్లతో నేరుగా తెలుగు చేయించి, రెండు పేజీల కరపత్రంగా రాష్ట్ర విద్యా పరిశోధన శిక్షణ మండలి బడులకు పంపవచ్చు. వచ్చే జూన్‌లో మొగుడంపల్లితోనే మొదలుపెట్టవచ్చు.