గుత్తి సాలీడుది గుత్తి కాదు



జీవుల పేర్లు మార్చే శాస్త్రవేత్తలంటే జనానికి కాస్త చులకనే. ఉన్న పేరుకేం వచ్చిందని విసుక్కుంటారు. మన గుత్తి టరాంటులా సంగతి తెలిస్తే ఆ విసుగు నిలవదు.

1899లో బ్రిటిష్ శాస్త్రవేత్త పోకాక్ దీనికి పోయెసిలోథేరియా మెటాలికా అని పేరు పెట్టాడు. నమూనా దొరికింది గుత్తిలో, రైల్వే కలప యార్డులో. దుంగలతోపాటు రైలెక్కి వచ్చి ఉంటుందని ఇప్పటి అంచనా. ఆ తర్వాత వందేళ్లు అయిపు లేదు. 2001లో మళ్లీ కనబడింది. అదీ గుత్తిలో కాదు, అక్కడికి 100 కిలోమీటర్ల అవతల నంద్యాల, గిద్దలూరు మధ్య నల్లమల అడవిలో. పెద్ద చెట్ల తొర్రల్లో కాపురం. కాళ్ల మీద పసుపు మచ్చలు, ఒళ్లంతా మెరిసే నీలం. ఆ నీలం ఏ రంగు పదార్థం వల్లా రాదు, వెంట్రుకల్లోని అతి సన్నని నిర్మాణం మీద వెలుతురు పడితే పుడుతుంది.

దక్షిణ అమెరికా టరాంటులాల ప్రజాతి అవిక్యులేరియాది ఇంకా పెద్ద చిక్కు. 1758లో లిన్నేయస్ పేరు పెట్టిన సాలీడుతో మొదలై, చెట్టెక్కే టరాంటులాలను ఎన్నింటినో అందులో వేసేశారు. 2017లో శాస్త్రవేత్తలు ఫుకుషిమా, బెర్తాని పాత నమూనాలన్నీ ముందేసుకుని చూస్తే చివరికి మిగిలినవి 12 జాతులే. మార్టినిక్ దీవి సాలీడు కరిబెనా అనే కొత్త ప్రజాతికి మారింది.

ఇదంతా పండితుల కాలక్షేపం అనుకుంటే పొరపాటు. గుత్తి సాలీడు 2008 నుంచి అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ లెక్కలో అంతరించే ప్రమాదం అంచున ఉంది. దానికున్న అడవి 100 చదరపు కిలోమీటర్లు కూడా లేదు. విదేశాల్లో మాత్రం పెంపుడు జంతువుల అంగళ్లలో అమ్ముతారు. 2019లో పోయెసిలోథేరియా ప్రజాతి మొత్తాన్నీ వన్యజీవుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందమైన సైటిస్ రెండో అనుబంధంలో చేర్చారు, కాబట్టి అనుమతి పత్రం లేకుండా సరిహద్దు దాటకూడదు. డబ్బాలో ఉన్నది ఏ ప్రజాతో తేల్చలేకపోతే కస్టమ్స్ అధికారి ఏం ఆపగలడు?

అది తేల్చడానికి ఆధారం పాత నమూనాలే. అందుకే నమూనా ఎక్కడ, ఏ చెట్టు మీద దొరికిందో మ్యూజియం చీటీలో కచ్చితంగా ఉండాలి. పత్రికలకు మాత్రం అంత వివరం వద్దు, దొంగలకు దారి చూపినట్టవుతుంది. ‘నల్లమల’ అంటే చాలు. పాఠ్యపుస్తకాల్లోనూ, మీ పత్రికలోనూ ఈ సాలీడు ప్రస్తావన వచ్చినప్పుడు గుత్తి పక్కన ఆ మాట కూడా వేయాలని కోరిక.

ఒక పాఠకుడు,
శాలిబండ, హైదరాబాద్